ప్రతి కీర్తన వెనకా ఒక అద్భుతం ఉండాల్సిందేనా?

వెనకబెంచీవీణ
త్యాగరాజ ఆరాధన కచేరీకి ఒక్కో కీర్తన ముందు చదవడానికి నాలుగైదు వాక్యాల పరిచయం రాసిమ్మని మా సభ వాళ్ళు అడిగారు. సరే అన్నాను. ఇప్పుడు తల పట్టుకుని కూర్చున్నాను. ఏ కీర్తన ముట్టుకున్నా ఒక మహిమ. "నాజీవాధార" పాడితే చనిపోయినవాడు లేచి కూర్చున్నాడట. "తెరతీయగరాదా" పాడితే తిరుమలలో తెర తొలిగిపోయిందట. "ముందు వెనుక" పాడితే రామలక్ష్మణులు బాణాలు పట్టుకొచ్చి దొంగల్ని తరిమారట. పోనీ ఒక కథని అందరూ ఒకేలా చెప్తారా అంటే అదీ లేదు. ఒకరు తెర దానంతటదే తెగిపడింది అంటారు, ఇంకొకరు అర్చకులు తీశారంటారు.

వీటిలో ఏవి త్యాగయ్య కాలం నుంచి వచ్చినవి, ఏవి తర్వాత అల్లినవి? తేల్చుకునే దారి ఏమైనా ఉందా? జాబితాలో శ్యామశాస్త్రి స్వరజతి ఒకటి, ముత్తుస్వామి దీక్షితుల కృతులు రెండు, అన్నమయ్య సంకీర్తన ఒకటి కూడా ఉన్నాయి. అంటే తలనొప్పి ఒక్క త్యాగయ్యతో ఆగదు.

ఆదితాళం
ఉన్నవి ఉన్నట్టు రాసేయండి. జనం కచేరీకి వచ్చేది పరవశించడానికి, పరీక్ష రాయడానికి కాదు.

వివాది
అంటే అబద్ధమైనా ఫరవాలేదా?

ఆదితాళం
అబద్ధమని మీకెవరు చెప్పారు? మీ పేరులోనే ఉంది మీ సంగతి.

రసికప్రియ72
కొట్లాట తర్వాత పెట్టుకోండి. ముందు ఎవరు రాశారు, ఎప్పుడు రాశారు అన్నది చూద్దాం.

త్యాగయ్య శిష్యుడు వాలాజాపేట వెంకటరమణ భాగవతార్, ఆయన కొడుకు కృష్ణస్వామి భాగవతార్ ఇద్దరూ గురువుగారి చరిత్ర రాశారు. తండ్రి ఏళ్ళ తరబడి దగ్గరుండి నేర్చుకున్నవాడు. వాళ్ళ ఇంట్లో భద్రపరిచిన కీర్తనల వ్రాతప్రతులు ఇప్పుడు మధురైలో సౌరాష్ట్ర సభ దగ్గర ఉన్నాయి. దీక్షితుల సంగతికొస్తే సుబ్బరామ దీక్షితులు 1904లో ఎట్టయపురం నుంచి అచ్చువేయించిన సంగీత సంప్రదాయ ప్రదర్శినిలో వాగ్గేయకారుల చరిత్రలు ఉన్నాయి. పుస్తకం తెలుగులోనే ఉంది కాబట్టి మనకి అడ్డం లేదు. సుబ్బరాముడు పుట్టింది 1839లో, ముత్తుస్వామి దీక్షితులు పోయింది 1835లో. కాబట్టి ఆయన కళ్ళారా చూసి రాసిందేమీ కాదు. కానీ ఆయన్ని పెంచి దత్తత చేసుకున్న బాలుస్వామి దీక్షితులు ముత్తుస్వామికి సొంత తమ్ముడు. ఇంట్లో విన్న మాటలు రాశాడన్నమాట.

వీటిలో ఉన్నవన్నీ నిజమని నేననను. శిష్యులు గురువుని దేవుడిగా చూసినవాళ్ళు, కుటుంబం వాళ్ళు తాతల్ని కాస్త పైన కూర్చోబెట్టేవాళ్ళు. ఊళ్ళు, బంధువులు, శిష్యుల పేర్లు వాళ్ళ దగ్గర తీసుకోవచ్చు. మహిమల దగ్గర కాస్త ఆగొచ్చు.

తంబురశ్రుతి
నాది వేరే పద్ధతి. కథ విన్నాక పాట సాహిత్యం పక్కన పెట్టుకుని చూస్తాను. పాటలో ఉన్న ముక్కే కథలో సంఘటనగా మారి ఉంటే నాకు అనుమానం మొదలవుతుంది. "నాజీవాధార" అంటే రాముణ్ణి నా ప్రాణానికి ఆధారమా అని పిలవడం. ఇందులో శవం ఎక్కడుంది? ఆ మొదటి మాట పట్టుకునే ప్రాణం పోయినవాడి కథ అల్లుకుందని నాకనిపిస్తుంది.

"తెరతీయగరాదా" ఇంకా స్పష్టం. తీయమన్నది లోపలి తెర, మత్సరమనే తెర అని పల్లవిలోనే ఉంది. చరణంలో తినేవేళ ఈగ పడ్డట్టుంది నా పని అంటాడు. పాటంతా తన మనసు మీద తన ఫిర్యాదే. గుడిలో గుడ్డ తెర ఊసే లేదు.

కొత్తశిష్యురాలు
మా గురువుగారు ఆ తెర కథ చెప్పే ఈ కీర్తన నేర్పించారు. ఇప్పుడు ఆ గౌళిపంతు రాగం ఎత్తుకుంటే మీ ఈగ గుర్తొస్తోంది.

తంబురశ్రుతి
నా ఈగ కాదమ్మా, త్యాగయ్య ఈగే.

ఆదితాళం
పాటలో ఉంది కాబట్టి కథ పుట్టిందని మీరంటే, జరిగింది కాబట్టే పాటలోకి వచ్చిందని నేనంటాను. బయట తెర చూసి లోపలి తెర గుర్తొచ్చి ఉండొచ్చు కదా? కవికి అలాగే తడుతుంది మరి.

రసికప్రియ72
ఆదితాళం గారి మాట కొట్టిపారేయలేం. తిరుపతి వేంకటరమణ అని పల్లవిలో ఉంది కాబట్టి తిరుపతి సంబంధం ఖాయం. త్యాగయ్య ఊరు దాటి యాత్రలు చేశాడనడానికి పాటలే సాక్ష్యం. మద్రాసు పక్క కోవూరు సుందరేశ్వరుడి మీద అయిదు, తిరువొట్రియూరు త్రిపురసుందరి మీద కొన్ని, కంచి వరదరాజు మీద, లాల్గుడి మీద, శ్రీరంగం మీద విడివిడిగా ఉన్నాయి. వెళ్ళడం నిజం. తెర గుడ్డ తెగిపడిందా అన్నదే ప్రశ్న. వెనకబెంచీ గారూ, "తిరుపతి యాత్రలో పాడినదిగా చెప్తారు" అని రాస్తే మీకూ దోషం లేదు, తిరుపతికీ లేదు.

వివాది
తంబురశ్రుతి గారి పద్ధతి అన్నమయ్య మీద ప్రయోగించి చూశాను. సాళువ నరసింహరాయలు సంకెళ్ళు వేయిస్తే "ఆకటి వేళల అలపైన వేళలను" పాడాడని, సంకెళ్ళు ఊడిపోయాయని కథ. పాటలో "సంకెల బెట్టిన వేళ చంపబిలిచిన వేళ" అని నిజంగానే ఉంది. సరే. కానీ ఆ వెంటనే అప్పులవాళ్ళు ఆపిన వేళ అని కూడా ఉంది. మరి అన్నమయ్యని అప్పులవాళ్ళు నిలబెట్టిన కథ ఎవరూ చెప్పరేం?

ఆదితాళం
ఆ కథ అందరి ఇళ్ళలో ఉన్నదే, ప్రత్యేకంగా చెప్పక్కర్లేదని.

రసికప్రియ72
వివాది గారూ, ఒక్క తేడా ఉంది. ఆ సంకెళ్ళ కథ సినిమాలో పుట్టింది కాదు. అన్నమయ్య మనవడు చిన్నన్న ద్విపదలో రాసిన తాత చరిత్రలోనే ఉంది. మహిమ అయినా పాత మహిమ. ఇలాంటివి "మనవడు రాసిన చరిత్ర ప్రకారం" అని చెప్పుకోవచ్చు.

లెక్కలమాస్టారు
మహిమలు నాకు తెలీదు, అంకెలు చూస్తాను. అన్నమయ్యవి 32 వేల సంకీర్తనలు అంటారు. పదహారో ఏట, అంటే 1424లో మొదలుపెట్టి 1503 దాకా రాశాడనుకుంటే 79 ఏళ్ళు. ఏడాదికి 405. రోజుకి ఒకటి కంటే కాస్త ఎక్కువ. మనకి దొరికినవి పన్నెండు వేల పైచిలుకు, అదే ఏడాదికి 150 దాటింది. కాబట్టి 32 వేలు మరీ అసాధ్యమేమీ కాదు.

త్యాగయ్యవి 24 వేలు అంటారు. పుట్టింది 1767, పోయింది 1847 జనవరి 6. అరవై ఏళ్ళు రాశాడనుకుంటే ఏడాదికి 400. దొరికినవి 700 దగ్గర. ఏడాదికి పన్నెండు కూడా లేవు. శిష్యులు ఊళ్ళ వారీగా ఎవరికి వచ్చినవి వాళ్ళు రాసుకున్నాక కూడా ఇంత తక్కువ దొరికిందంటే 24 వేలు నాకు మింగుడు పడటం లేదు.

కొత్తశిష్యురాలు
వాల్మీకి రామాయణం 24 వేల శ్లోకాలు కదా. అక్కడి నుంచి వచ్చిందేమో ఈ అంకె.

లెక్కలమాస్టారు
నూటికి నూరు మార్కులు.

ఆదితాళం
మాస్టారూ, ఆ 405లో పండగ సెలవులు తీసేశారా?

రేడియోశ్రోత
అన్నమయ్య గురించి ఇంకో మాట. కథ సంగతి అటుంచి, మీ కచేరీలో వినబోయే వరస ఆయనది కాదు. తిరుమల రాగిరేకుల మీద పల్లవి, చరణాలు, పైన రాగం పేరు ఉన్నాయి. స్వరం లేదు. ఇరవయ్యో శతాబ్దంలో రాళ్ళపల్లి అనంతకృష్ణశర్మ గారు, తర్వాత నేదునూరి కృష్ణమూర్తి గారు, బాలకృష్ణప్రసాద్ గారు లాంటివాళ్ళు కూర్చిన వరసలే ఈరోజు మనం పాడుకునేవి. చాలా పాటలు రేకు మీది రాగంలో కాకుండా వేరే రాగంలో కూడా స్థిరపడిపోయాయి. సంకెళ్ళు ఊడాయా లేదా అని చర్చించే బదులు వరస కట్టిన మనిషి పేరు చదవండి. ఆ పేరు వేదికల మీద ఎవరూ చెప్పరు. వింటున్న జనం అయిదు వందల ఏళ్ళ కిందటి రాగమే వింటున్నామనుకుని ఇంటికి పోతారు.

వెనకబెంచీవీణ
రేడియోశ్రోత గారు చెప్పింది నేరుగా పరిచయంలోకి పోతోంది. మా వాళ్ళు పాడేది నేదునూరి గారి వరస.

త్యాగయ్య అన్న జపేశుడి సంగతేమిటి? తమ్ముడు పూజించే రాముడి విగ్రహాలు కావేరిలో పడేశాడంటారే?

రసికప్రియ72
అన్నతో బాధ ఉందన్నది నేను నమ్ముతాను. కాపి రాగంలో "అన్యాయము సేయకురా" చివర "నా పూర్వజు బాధ" అని సూటిగా ఉంది. మధ్యమావతిలో "నాదుపై పలికేరు నరులు" ఉంది, జనం నామీద నిందలు వేస్తున్నారని. ఇల్లు పంచుకున్న గొడవలో పాడిందని సంప్రదాయం. ఇలాంటి పాటలు ఊరికే రావు. విగ్రహాలు ఏట్లో పడేసిన కథ శిష్యుల వైపు నుంచి వచ్చింది. దాని చుట్టూ "ఎందు దాగినాడో", "కనుగొంటిని" లాంటివి వరసగా పేర్చి ఒక నాటకం చేశారు. పాటలు ఒక్కోటి ఎప్పుడు పుట్టాయో ఎవరూ తేదీ వేయలేదు. పేర్చినవాళ్ళకి కథ ముఖ్యం, అంతే.

వివాది
జపేశుడి పక్షాన వకాల్తా పుచ్చుకుంటున్నాను. తమ్ముడు భిక్షకి పోతాడు, ఇంటినిండా శిష్యులు. అవతల రాజుగారు పిలిచి ధనం ఇస్తానంటే వద్దంటాడు. ఇంట్లో పెద్దవాడిగా ఒక మాట అంటే తరతరాలకి విలన్ అయిపోయాడు. ఆయన వైపు కథ చెప్పడానికి ఒక్క శిష్యుడూ లేడు పాపం.

హరికథాప్రియుడు
మా వీధిలో హరికథ జరిగితే జపేశుడు వచ్చే ఘట్టంలో ఆడవాళ్ళు మెటికలు విరిచేవాళ్ళు. మీ వకాల్తా అక్కడ చెల్లదు.

కొత్తశిష్యురాలు
రాజుగారి పిలుపు నిజమేనా? "నిధి చాల సుఖమా" శరభోజి కానుకలు తిప్పి పంపినప్పుడు పాడిందని చిన్నప్పటి నుంచీ వింటున్నా.

తంబురశ్రుతి
రెండో శరభోజి తంజావూరు గద్దె మీద 1798 నుంచి 1832 దాకా ఉన్నాడు కాబట్టి కాలం సరిపోతుంది. కొలువు నుంచి పిలుపు వచ్చి ఉండటంలో వింతేమీ లేదు. త్యాగయ్య గురువు శొంఠి వెంకటరమణయ్య గారే రాజుగారి ఆస్థాన విద్వాంసుడు. పాటలో మాత్రం రాజు పేరు లేదు. "మమత బంధన యుత నరస్తుతి సుఖమా" అని మాత్రమే ఉంది. మనుషుల్ని పొగిడి బతకను అన్నది ఆయన జీవితమంతా పాటించిన నియమం. దానికి ఒక్క రోజు, ఒక్క పళ్ళెం, ఒక్క రాజు కావాలని కథకుడికి అనిపించింది. పైగా రాజుగారికి వెంటనే కడుపునొప్పి వచ్చిందని కూడా కలిపారు. అది మరీ కక్ష.

హరికథాప్రియుడు
అందరూ కథకుల మీదే పడ్డారు కాబట్టి మా వైపు కూడా వినండి.

రికార్డులు లేవు, రేడియో లేదు, స్వరాలతో అచ్చయిన పుస్తకాలు అప్పుడప్పుడే వస్తున్న రోజులు. తిరువయ్యారులో పుట్టిన కీర్తన గోదావరి ఒడ్డు పల్లెలో రైతు నోటికి ఎలా వచ్చింది? చాలావరకు హరికథల వల్ల, భజన గోష్ఠుల వల్ల. కథ లేకుండా బిలహరి రాగంలో "నాజీవాధార" ఎత్తుకుంటే సగం జనం లేచిపోయేవాళ్ళు. చచ్చినవాడు లేచాడని చెప్తే ఆ సగం కూర్చున్నారు, పాట విన్నారు, నేర్చుకున్నారు. కథ అబద్ధమే అనుకోండి, పాట బతికిందా లేదా?

ఆదిభట్ల నారాయణదాసు గారినే చూడండి. రెండు చేతులు, రెండు కాళ్ళు, తలతో వేర్వేరు తాళాలు ఒకేసారి వేసి పాడేవారని, అందుకే పంచముఖి పరమేశ్వర అన్నారని చెప్తారు. ఆయన 1945 దాకా ఉన్నారు. చూసినవాళ్ళు మా తాతల తరంలో బోలెడుమంది. ఇదే సంగతి మూడొందల ఏళ్ళ కిందటి మనిషి గురించి చెప్తే వివాది గారు కట్టుకథ అనరూ?

వివాది
అంటాను. ఇప్పుడూ అయిదో తాళం దగ్గర కొంచెం అనుమానమే.

హరికథాప్రియుడు
అలాగే వయొలిన్ విద్వాంసుడు ద్వారం వెంకటస్వామి నాయుడు గారు. విజయనగరం సంగీత కళాశాలలో విద్యార్థిగా చేరదామని వెళితే, వాయించింది విని ఆచార్యుడిగా పెట్టుకున్నారు. ఇది కూడా కథే అంటారా?

రేడియోశ్రోత
ఇందులో తేదీలు పలుకుతాయి. విజయనగరంలో కళాశాల పెట్టింది 1919లో, మొదటి ప్రిన్సిపాల్ నారాయణదాసు గారే. నాయుడు గారు పుట్టింది 1893 నవంబరులో. ఆ 1919లోనే వయొలిన్ ఆచార్యుడిగా చేరారు, అంటే ఇరవై ఆరేళ్ళు నిండీ నిండని వయసు. దాసు గారి తర్వాత 1936లో ప్రిన్సిపాల్ అయ్యారు. దరఖాస్తు విద్యార్థిగా పెట్టారా అన్న ఒక్క ముక్క తప్ప మిగతాదంతా లెక్కలో ఉంది. ఆ వయసువాణ్ణి నేరుగా ఆచార్యుడి కుర్చీలో కూర్చోబెట్టారంటే కథ లేకపోయినా గొప్పే. పైగా ఆయనకి చూపు సరిగా ఆనేది కాదు. చెవితోనే అంత పని చేశారు.

లెక్కలమాస్టారు
ఎనిమిదేళ్ళ పిల్లాడు పూర్తి కచేరీ చేశాడని మంగళంపల్లి బాలమురళీకృష్ణ గారి గురించి చెప్తారు. అదీ పదహారో శతాబ్దంలో జరిగి ఉంటే బాల మహిమ అయ్యేది. పారుపల్లి రామకృష్ణయ్య పంతులు గారి శిష్యుడు, విజయవాడలో త్యాగరాజ ఆరాధనకి పాడాడు అని ఊరూ సందర్భం తెలుసు కాబట్టి నమ్ముతున్నాం.

రసికప్రియ72
బాగా గుర్తు చేశారు. పారుపల్లి వారి గురువు సుసర్ల దక్షిణామూర్తి శాస్త్రి గారు. ఆయన గురువు మానంబుచావడి వెంకటసుబ్బయ్య గారు, త్యాగయ్య దగ్గర నేర్చుకున్నవాడు, బంధువు కూడా. అంటే త్యాగయ్యకీ బాలమురళి గారికీ మధ్య ముగ్గురే మనుషులు. అదే వెంకటసుబ్బయ్య గారి దగ్గర మహావైద్యనాథ అయ్యర్, పట్నం సుబ్రహ్మణ్య అయ్యర్ నేర్చుకున్నారు. కృష్ణా తీరానికీ కావేరీ తీరానికీ ఒక్క ఇంటి నుంచే పాట వెళ్ళిందన్నమాట. ఈ గొలుసు పరిచయంలో రెండు వాక్యాల్లో చెప్తే నాకు ఒళ్ళు జలదరిస్తుంది. దొంగల్ని తరిమిన కథ వింటే జలదరించదు.

బొబ్బిలివాడు
శ్యామశాస్త్రి సంగతి వస్తే మా కేశవయ్యని దయచేసి వదిలేయండి. ప్రతి కచేరీలో "బొబ్బిలి కేశవయ్య అనే గర్విష్ఠి" అని మొదలుపెడతారు. భూలోక చాప చుట్టి, అంటే లోకాన్నే చాపలా చుట్టేసినవాడు అని బిరుదు. తంజావూరు వెళ్ళాడు, సింహనందన తాళంలో పల్లవి వేశాడు, శ్యామశాస్త్రి శరభనందన తాళంతో ఓడించాడు. మా ఊరి మీద తీసిన యుద్ధం కథల్లో ఎలాగూ ఓడిపోయాం, సంగీతంలో కూడానా?

ఆదితాళం
చాప చుట్టి వచ్చినవాడు చాప చుట్టుకుని వెళ్ళాడు. ఇంత మంచి కథ ఎవరు వదులుకుంటారండీ.

లెక్కలమాస్టారు
సింహనందనం ఒక్క ఆవర్తనానికి, అంటే తాళం ఒక చుట్టు తిరగడానికి, 128 అక్షరాలు (తాళం లెక్కలు). అంత తాళంలో పల్లవి వేసినవాడిని గర్విష్ఠి అనడం అన్యాయం. గర్వపడితే తప్పేం లేదు.

తంబురశ్రుతి
ఆ పందెం కథకి ముందు శాస్త్రిగారు "దేవీ బ్రోవ సమయమిదే" పాడారని కలుపుతారు. చింతామణి రాగం. "బ్రోవడానికి ఇదే సమయం" అని పాటలో ఉంది కాబట్టి ఏదో ఒక సమయం కావాలి, పందెం దొరికింది. మళ్ళీ అదే పద్ధతి.

అసలు ఆ మహానుభావుడి జీవితంలో పెద్ద సంఘటనలు కనిపించవు. 1762లో తిరువారూరులో పుట్టాడు, తంజావూరులో బంగారు కామాక్షి గుడి అర్చకత్వం, 1827లో వెళ్ళిపోయాడు. పచ్చిమిరియం ఆదిప్పయ్య దగ్గర నేర్చుకున్నాడు, "విరిబోణి" వర్ణం కట్టిన ఆదిప్పయ్యే. భైరవి స్వరజతి పాడించే ముందు మీరు చెప్పాల్సిందల్లా ఒక్కటి. స్వరజతి అంటే అంతకుముందు నాట్యానికి పనికొచ్చే రచన, ఆయన దాన్ని కూర్చుని పాడే కచేరీ సొమ్ము చేశాడు. చరణం చరణానికీ మొదటి స్వరం మెట్టు మెట్టుగా పైకి ఎక్కుతుంది. అది ముందే చెప్తే వినేవాడి చెవి అక్కడ ఉంటుంది. కేశవయ్య కథ చెప్తే చెవి బొబ్బిలిలో ఉంటుంది.

బొబ్బిలివాడు
మీకు శతకోటి దండాలు.

వెనకబెంచీవీణ
దీక్షితులవి "ఆనందామృతాకర్షిణి", "మీనాక్షి మే ముదం" ఉన్నాయి. ఒకటి వాన, రెండోది మరణం. ఇక్కడేం చేయను?

రసికప్రియ72
వానపాటలో "సలిలం వర్షయ వర్షయ వర్షయ" అని ఉంది. ఎట్టయపురం వైపు కరువు నేల చూసి పాడాడని చెప్తారు. ఆ ప్రాంతం ఎండిపోయిన నేలే, వాన కోరి పాడటం సహజం. వాన పడిందా అన్నది అమ్మవారికే వదిలేయండి.

రెండోది 1835 దీపావళి నాడు. శిష్యులు గమకక్రియ రాగంలో ఆ కృతి పాడుతుంటే "మీనలోచని పాశమోచని" దగ్గర మళ్ళీ పాడమని, అక్కడే ప్రాణం విడిచాడని. ఆ పంక్తి పాశం విడిపించేదానా అని కాబట్టి తంబురశ్రుతి గారి అనుమానం దీనికీ వర్తిస్తుంది. అయినా ఇది నేను ఉంచుకుంటాను. ఇందులో ప్రకృతి నియమం తప్పిందేమీ లేదు. పెద్దాయన ఇష్టమైన పాట వింటూ పోయాడు, అంతే.

తంబురశ్రుతి
దీన్ని నేనూ వదిలేస్తాను. పద్ధతికీ ఒక దీపావళి సెలవు.

రేడియోశ్రోత
దీక్షితుల దగ్గర మహిమ కంటే మంచి సరుకు ఉండగా దాన్నెవరూ వాడరు. మణలి ముద్దుకృష్ణ ముదలియార్ ఆ కుటుంబాన్ని మద్రాసు పక్కకి తీసుకెళ్ళాడు. అక్కడ కోటలో తెల్లవాళ్ళ బ్యాండు వినడం, ఆ వరసలకి సంస్కృతంలో సాహిత్యం కట్టడం. "సంతతం పాహిమాం" వినండి, ఇంగ్లండు రాజుగారి జాతీయగీతం వరస. అమ్మవారు వచ్చి కూర్చుంది అందులో. తమ్ముడు బాలుస్వామి ఆ దొరల వయొలిన్ నేర్చుకుని మన సంగీతానికి పట్టుకొచ్చాడు. ఇందాక అనుకున్న ద్వారం వారి దాకా ఆ దారే.

స్వరజతి_మూడు
మొదటి నుంచీ చదువుతున్నాను. త్యాగయ్య మహిమల మీద ఇంత చర్చ జరిగింది కానీ ఆరాధన అనేది ఇవాళ ఎలా జరుగుతోందో, ఎవరి వల్ల జరుగుతోందో ఒక్కరూ అనలేదు.

ఆయన సమాధి పాడుబడి, తుప్పల మధ్య ఉండేది. గాయని బెంగుళూరు నాగరత్నమ్మ గారు తన డబ్బూ నగలూ ఖర్చుపెట్టి ఆ నేల కొని గుడి కట్టించారు. 1921లో పునాది, 1925లో ప్రతిష్ఠ. అప్పటికి ఆరాధనలు చేస్తున్న మగవాళ్ళ వర్గాలు రెండు, వాళ్ళలో వాళ్ళకి పడదు. ఆడవాళ్ళకి మాత్రం రెండిట్లోనూ పాడే చోటు లేదు. ఆవిడ దేవదాసి. తాను కట్టించిన గుడి ముందు తాను పాడటానికి వీల్లేదంటే ఊరుకోలేదు. 1927లో ఆడవాళ్ళని కూడగట్టి వెనక వైపు వేరే ఆరాధన మొదలుపెట్టారు. ఈ వర్గాలన్నీ కలిసి ఒక్క ఉత్సవం కావడానికి 1940 ప్రాంతం దాకా పట్టింది. అందరూ కలిసి పంచరత్నాలు, అంటే త్యాగయ్య అయిదు పెద్ద కీర్తనలు, పాడే పద్ధతి ఆ కలయిక రోజుల్లోదే. ఇప్పుడు టీవీలో చూపించేది అదే.

ఈవిడే కవయిత్రి ముద్దుపళని రాసిన రాధికా సాంత్వనము కావ్యాన్ని 1910లో పరిష్కరించి అచ్చువేయిస్తే బూతు అని సర్కారు నిషేధించింది. ప్రకాశం పంతులు గారి హయాంలో గానీ ఆ నిషేధం పోలేదు. 1952లో నాగరత్నమ్మ గారు పోయాక త్యాగయ్య సమాధికి ఎదురుగానే ఆవిడ సమాధి కట్టారు. పేరు, తేదీ, ఊరు అన్నీ ఉన్న కథ ఇది. ఆరాధన కచేరీలో ఇది చదవకుండా దొంగల కథ చదువుతారా?

ఆదితాళం
దీని మీద నాకు వాదన లేదు. చదవండి. మొట్టమొదట చదవండి.

వివాది
ఆదితాళం గారు ఒప్పుకున్నారు. ఇది రాసిపెట్టుకోవాలి, మహిమ.

హరికథాప్రియుడు
నిజం చెప్పాలంటే దీన్ని హరికథగా కడితే బ్రహ్మాండంగా ఉంటుంది. నాగరత్నమ్మ గారికి త్యాగయ్య కలలో కనిపించి...

స్వరజతి_మూడు
అదిగో మొదలుపెట్టారు.

కొత్తశిష్యురాలు
"ఎందరో మహానుభావులు" ఎవరూ ముట్టుకోలేదు. కేరళ గాయకుడు షట్కాల గోవింద మారార్ వచ్చి ఆరు కాలాల్లో, అంటే ఆరు వేగాల్లో, పాడితే త్యాగయ్య ఆనందంతో అప్పటికప్పుడు కట్టాడంటారు కదా?

తంబురశ్రుతి
దానికి ఇంకో రూపం ఉంది. పాట అప్పటికే ఉందని, మారార్ పాడాక శిష్యుల చేత పాడించాడని. నాకు రెండోదే నచ్చుతుంది. అంత పెద్ద శ్రీరాగ కీర్తన, పది చరణాలు, స్వరాలతో సాహిత్యంతో, అతిథి కూర్చుని చూస్తుండగా కట్టడం కన్నా, ఉన్నది వెతికి ఆయనకి కానుకగా పాడించడంలో మర్యాద ఉంది.

రేడియోశ్రోత
చివరి పాట సంగతి కూడా ఇంతే. "గిరిపై నెలకొన్న" లో పదిపూటల తర్వాత కాపాడతానని రాముడు అన్నట్టు ఉంది కాబట్టి అదే చివరిది అంటారు. ఇంకొందరు "పరమాత్ముడు" చివరిది అంటారు. రెండు చివరి పాటలు ఉండటానికి వీల్లేదు కదా. సన్న్యాసం తీసుకుని పుష్య బహుళ పంచమి నాడు వెళ్ళిపోయాడన్నంత వరకు అందరిదీ ఒకే మాట.

వెనకబెంచీవీణ
ఇప్పటిదాకా రాసినవి రెండు పెడుతున్నాను, చూడండి.

"తెరతీయగరాదా, గౌళిపంతు. తిరుపతి యాత్రలో పాడినదిగా సంప్రదాయం. దేవుడికీ తనకీ మధ్య మత్సరమనే తెర ఉందని, దాన్ని తీయమని త్యాగయ్య వేంకటరమణుణ్ణి అడుగుతాడు. ధ్యానంలో కూర్చుంటే తన మనసు ఎక్కడెక్కడికి పోతుందో చరణంలో దాచకుండా చెప్పుకుంటాడు."

"నిధి చాల సుఖమా, కల్యాణి. తంజావూరు కొలువు ఇచ్చిన ధనాన్ని కాదన్నప్పుడు పాడినదని చెప్తారు. పాటలో ఏ రాజు పేరూ లేదు. ఒక్క మనిషినీ పొగడకుండా ఎనభై ఏళ్ళు బతికిన కవి మాట ఇది."

నాగరత్నమ్మ గారి గురించి మొదట్లోనే విడిగా ఒక పేజీ పెడుతున్నాను. సభ కార్యదర్శి గారు అప్పుడే "మహిమలు తగ్గాయేంటండీ" అన్నారు.

లెక్కలమాస్టారు
ఎనభైకి నాలుగు నెలలు తక్కువ. "దాదాపు" చేర్చండి.

రసికప్రియ72
చిన్నతనంలో పొగిడాడో లేదో మనకేం తెలుసు? ఆ "ఎనభై ఏళ్ళు" పూర్తిగా తీసేస్తే సరి.

వివాది
ఇంకా శరభోజి వాసన కొంచెం ఉంది. "చెప్తారు" అన్నారు కాబట్టి వదిలేస్తున్నా.

ఆదితాళం
కార్యదర్శి గారికి నా ఓటు. ఒక్క మహిమైనా ఉంచండి, దొంగలది పెట్టండి. పిల్లలు వస్తారు.

వెనకబెంచీవీణ
దొంగలది పిల్లల పాటకి పెడుతున్నాను, "కథ చెప్తారు" అనే మొదలవుతుంది. పంచరత్నాలకి ఒక్కోదానికీ విడిగా రాయాలా, అయిదిటికీ కలిపి ఒకటి చాలా?

తంబురశ్రుతి
కలిపి ఒకటి చాలు. నాట, గౌళ, ఆరభి, వరాళి, శ్రీ అని పేర్లు చెప్పి ఆపేయండి. అప్పటికే జనం చేతిలో పుస్తకాలు తెరిచి గొంతు సవరించుకుంటూ ఉంటారు, మీరు చదివేది ఎవరికీ వినపడదు.